ఛిందవాడలో ఆరడుగుల నేల

2025 జనవరి 20వ తేదీ సోమవారం. ఆనాడు రాజధానిలోని పాత్రికేయులలో అత్యధికుల దృష్టి వాషింగ్టన్ మీద ఉన్నది. ట్రంప్ రెండవసారి అధ్యక్ష పదవికి ప్రమాణం చేస్తున్న రోజు. అదే రోజున ఢిల్లీ తిలక్ మార్గ్‌లోని సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు ఒక అప్పీలు వచ్చింది. అందులోని కోరిక చాలా చిన్నది. మరణించిన తన తండ్రిని సొంత ఊరి మట్టిలో పూడ్చుకొనడానికి అనుమతించవలసినదని ఒక కుమారుడు వేడుకున్నాడు. ఆ తండ్రి జనవరి 7న కన్నుమూశాడు. భౌతికకాయం అప్పటికి పదమూడు రోజులుగా బస్తర్ జిల్లా జగ్దల్‌పూర్‌లో ఆస్పత్రి శవాగారంలో ఉన్నది. తండ్రిని పూడ్చుకొనడానికి ఒక మనిషి సుప్రీం కోర్టు దాకా రావలసి వచ్చినందుకు తమకు బాధగా ఉన్నదని ధర్మాసనం అన్నది.

ఆ తర్వాతి ఆదివారం గణతంత్ర దినోత్సవం. రాజ్యాంగం అమలులోకి వచ్చి డెబ్బై అయిదేళ్లు నిండిన సందర్భమని కర్తవ్య పథ్‌లో శకటాలు కదిలాయి. మరునాడు, 27న, తీర్పు వెలువడింది. శవం భూమిలోకి చేరడానికి ఇరవై రోజులు పట్టింది. చేరిన భూమి మాత్రం ఆ కుమారుడు అడిగినది కాదు.

వ్యవహారం పూర్వాపరాలు ఇవి. బస్తర్ జిల్లా దర్భా తహసీలులో ఛిందవాడ ఒక గ్రామం. మృతుడు అక్కడి పాస్టరు. మహరా అనే దళిత కులం నుంచి వచ్చిన కుటుంబం. క్రైస్తవంలో మూడవ తరానికి చేరుకున్నది. వారి తాతను 2007లో, మేనత్తను 2015లో అదే గ్రామ శ్మశానంలో పూడ్చారు. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. 2025లో మాత్రం క్రైస్తవుని శవం ఊరి శ్మశానంలోకి వీల్లేదని గ్రామస్థులు కొందరు నిలబడ్డారు. పోనీ మా సొంత పొలంలోనే పూడ్చుకొంటామని కుటుంబం అడిగింది. అదీ వీల్లేదన్నారు. పోలీసులు శాంతిభద్రతల పేరుతో ఆ మాటనే సమర్థించారు. హైకోర్టు జనవరి 9న అర్జీని తోసిపుచ్చింది: ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల దూరాన కర్కపాల్‌లో క్రైస్తవుల శ్మశానం ఉన్నది కదా, అక్కడికి తీసుకొని పోవచ్చును గదా అన్నది.

సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకూ ఏకాభిప్రాయం కుదరలేదు. జస్టిస్ బి.వి. నాగరత్న సొంత పొలంలో పూడ్చుకొనడానికి అనుమతించారు. పంచాయతీ తన బాధ్యతను నెరవేర్చకపోవడం వల్లనే ఈ చిక్కు వచ్చిందన్నారు. మతం మారిన వారికి ఊరిలో చోటు లేదన్నట్లుగా పోలీసు అధికారి అఫిడవిట్టు దాఖలు చేయడాన్ని తప్పు పట్టారు. జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ మాత్రం, ఎక్కడ పడితే అక్కడ పూడ్చే హక్కు ఎవరికీ లేదు, నిర్దేశిత స్థలంలోనే పూడ్చాలి, శాంతిభద్రతలను విస్మరించరాదు అన్నారు. సాధారణంగా ఇటువంటి సందర్భాలలో వ్యవహారం మరింత పెద్ద ధర్మాసనానికి వెళ్లాలి. శవం అన్నాళ్లు ఆగదు. కనుక 142వ అధికరణ కింద ఇద్దరూ కలిసి కర్కపాల్‌లో పూడ్చవలసిందిగా ఉత్తర్వు ఇచ్చారు. పాము చావలేదు, కర్ర విరగలేదు. హైకోర్టు ఎక్కడికి పొమ్మన్నదో చివరకు అక్కడికే పోవలసి వచ్చింది.

ఆ ఉత్తర్వులో మానవత్వం లేదని నేను అనను. ఇరవై రోజుల శవం ముందు న్యాయమూర్తులు ఇంకేమి చేయగలరు? అయినా ఈ వ్యవహారాన్ని ఒక కుటుంబపు విషాదంగా పరిగణించి పక్కన పెట్టడానికి వీలులేదు. దీనిలో ఒక ప్రశ్న ఉన్నది. లౌకిక రాజ్యంలో మతం మారిన వాడు, లేదా తాతల కాలంలో మారిన కుటుంబంలో పుట్టిన వాడు, తన ఊరికి చెందినవాడా, కాడా?

ఊరి ఆచారం అంటున్నారు. ఆచారాన్ని తేలికగా తీసివేయకూడదు. గోండులలోని మురియా, మారియా తెగలకు చావు అంటే ఒక ఇంటి వ్యవహారం కాదు. తెగ పెద్దలు, గోత్రం వారు, ఊరి భూదేవత అందరూ అందులో భాగస్థులు. చనిపోయినవారి పేర రాళ్లు నిలబెట్టే అలవాటును గురించి డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లోనే మారియా గోండులపై రాసిన గ్రంథంలో వివరించాడు. (ఈ గ్రిగ్సన్ తర్వాత మన నిజాం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగం చేసినవాడే.) ఊరి జాతరకు చందా ఇవ్వననీ, దేవరకు మొక్కననీ ఒక ఇల్లు వేరుపడినప్పుడు మిగిలిన వారి మనసు నొచ్చుకోవడం సహజమే. ఆ నొప్పిని ఎగతాళి చేసేవారికి బస్తర్ అర్థం కాదు.

కాని ఛిందవాడ ఆచారానికి ఒక తిరకాసు ఉన్నది. ఆ భూదేవత 2007లో ఒక క్రైస్తవుని తనలో కలుపుకున్నది. 2015లో మరొకరిని కలుపుకున్నది. 2025లో వద్దన్నది ఆమె కాదు. మట్టి మారలేదు, శవం మారలేదు. ఈ పదేళ్లలో మారినది ఊరి చుట్టూ ఉన్న రాజకీయం. పదేళ్ల వయసు కూడా లేని ఆచారాన్ని అనాదిదని చెప్పి కోర్టులో ప్రమాణం చేయడం మన కాలపు విద్య.

దర్భా అనగానే తెలుగు పాఠకులకు వేరే సంగతి గుర్తుకు వస్తుంది: 2013 మే 25న జీరం ఘాటీలో కాంగ్రెస్ నాయకుల వాహన శ్రేణిపై మావోయిస్టుల దాడి. బస్తర్ మనకు పరాయి ప్రాంతం కాదు. కాకతి ప్రతాపరుద్రుని సోదరునిగా చెప్పే అన్నమదేవుడు అక్కడికి పోయి రాజ్యం స్థాపించాడు. దంతేశ్వరి కొలువు ఆ వంశం పేరుతోనే ముడిపడి ఉన్నది. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. 2005లో సల్వాజుడుం మొదలైనప్పుడు ఊళ్లు విడిచి వచ్చినవారు మన భద్రాచలం అడవులలో తలదాచుకున్నారు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలులో ఒకసారి జగ్దల్‌పూర్ దిగినప్పుడు అక్కడి ఎర్రరంగు చర్చిని చూసి, ఇది ఇక్కడికి ఎట్లా వచ్చిందని నేను అడిగిన మాట నిజం.

అది వచ్చిన తోవ కూడా కొంత తెలుగు తోవే. 1890 దశకంలో బస్తర్‌లో మెథడిస్టు మిషన్‌కు పునాది వేసిన అమెరికన్ సి.బి. వార్డ్ అంతకు ముందు నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతంలో పనిచేసినవాడు. కేథలిక్కుల సీరో-మలబార్ సంఘం జగ్దల్‌పూర్‌లో 1972లో అడుగుపెట్టి, 1977లో మేత్రాసనం ఏర్పరచుకున్నది. ఇటీవలి దశాబ్దాలలో పేరున్నవీ లేనివీ అయిన చిన్న చిన్న ప్రార్థన మందిరాలు ఊరూరా వచ్చాయి. వాటిని నడిపేవారిలో విదేశీయులు లేరు. ఛిందవాడ పాస్టరు వంటి స్థానికులే ఉన్నారు. విదేశీ హస్తం గురించి రాజధానిలో మాట్లాడేవారు ఈ సంగతి గమనించరు.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించే వ్యక్తి వేరొకడు. వెరియర్ ఎల్విన్ ఆంగ్లికన్ మతాధికారిగా 1927లో ఈ దేశానికి వచ్చాడు. గోండుల మధ్య నివసించడానికి వెళ్లాడు గాని వారిని మతం మార్చడానికి ఇష్టపడలేదు. నాగపూర్ బిషప్పు ఆయనకు అనుమతి పత్రం ఇవ్వలేదు. చివరకు ఎల్విన్ చర్చినే విడిచిపెట్టాడు. బస్తర్ మురియాలపై 1947లో ఆయన ప్రచురించిన గ్రంథం ఈనాటికీ ప్రామాణికమే. మిషన్ అంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఆ నాటి చర్చి ఒక సమాధానం చెప్పింది, ఎల్విన్ మరొకటి చెప్పాడు. ఎల్విన్ చెప్పినదే పూర్తిగా సరియైనదని నా అభిప్రాయం కాదు. ఆదివాసిని మ్యూజియంలో ఉంచాలని చూశాడన్న విమర్శ ఆయన బతికుండగానే వచ్చింది. మతం మార్చుకొనే తెలివి ఆదివాసికి లేదనుకొనడమూ ఒక రకం చిన్నచూపే.

ఆ తెలివి అందరికీ ఉన్నదని రాజ్యాంగ సభ భావించింది. 1948 డిసెంబరు 6న మత స్వేచ్ఛ అధికరణపై చర్చ జరిగినప్పుడు, ప్రచారం చేసే హక్కు అన్న మాట తొలగించాలని లోక్‌నాథ్ మిశ్రా వంటివారు వాదించారు. టి.టి. కృష్ణమాచారి లేచి, తాను క్రైస్తవ విద్యాలయాలలో ఏళ్ల తరబడి చదివినా తనను ఎవరూ మతం మార్చుకోమనలేదని చెప్పారు. కె.ఎం. మున్షీ అంతటి సంప్రదాయవాది కూడా ఆ మాట ఉండాలన్నారు. మాట ఉన్నది. ఆ తర్వాత కథ అంతా దానిని కుదించడానికి జరిగిన ప్రయత్నమే. 1956లో మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి నియోగీ కమిటీ నివేదిక వచ్చింది. 1968లో ఆ రాష్ట్రం మత స్వాతంత్ర్య చట్టం చేసింది. పేరు స్వాతంత్ర్యం, పని కట్టడి. రాయపూర్‌కు చెందిన ఒక క్రైస్తవ ప్రబోధకుని కేసులో సుప్రీం కోర్టు 1977లో, ప్రచారం చేసే హక్కులో మతం మార్చే హక్కు లేదని తీర్పు చెప్పి ఆ చట్టాన్ని నిలబెట్టింది. జనతా ప్రభుత్వ కాలంలో ఓం ప్రకాశ్ త్యాగి అటువంటి చట్టమే దేశమంతటికీ తేవాలని బిల్లు పెట్టినప్పుడు, 1979లో మదర్ థెరీసా ప్రధాని మొరార్జీ దేశాయికి బహిరంగ లేఖ రాశారు. బిల్లు ఆగిపోయింది. రాష్ట్రాలలో చట్టాలు మాత్రం ఆగలేదు.

ఇంతా చేసి, జనాభా లెక్కలు ఏమంటున్నవి? ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవులు 2001లో 1.92 శాతం. 2011లోనూ 1.92 శాతమే. దళిత క్రైస్తవులలో కొందరు రిజర్వేషను పోతుందన్న భయంతో తమ మతం చెప్పుకోరన్న మాట వాస్తవమే. ఆ మినహాయింపు ఇచ్చినా, రాష్ట్రాన్ని ముంచెత్తుతున్న వరద ఈ అంకెలలో కనిపించదు.

అధికారంలో ఎవరున్నారన్న దానిని బట్టి ఈ వ్యవహారం మారుతుందని అనుకొనడం పొరపాటు. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల గ్రామాల నుంచి వందలాది క్రైస్తవ ఆదివాసులను తరిమివేసినప్పుడు, వారు నారాయణపూర్ స్టేడియంలో చలికి వణికినప్పుడు, రాయపూర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం ఉన్నది. 2023 జనవరి 2న అక్కడి చర్చిపై మూక దాడి చేసి, అడ్డు వచ్చిన జిల్లా ఎస్పీ తల పగలగొట్టిన నాడూ అదే ప్రభుత్వం. ఆదివాసీ ఓటు ఎటు పోతుందోనన్న బెంగతో ఆ పార్టీ నాయకులు గుసగుసలాడారే తప్ప గొంతెత్తి మాట్లాడలేదు. ఆ ఏడాది చివర ఎన్నికలలో ఓడిపోయారు కూడా. మౌనానికి ప్రతిఫలం దక్కలేదు.

భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం వచ్చిన తర్వాత, 2025 జులై 25న కేరళకు చెందిన ఇద్దరు సన్యాసినులను దుర్గ్ రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. వారి వెంట ఉన్నది నారాయణపూర్ ప్రాంతపు యువతులు. ఆగస్టు 2న బెయిలు వచ్చింది. కేరళలో ఎన్నికలు దగ్గరపడుతున్నవి కనుక ఆ వారం పార్లమెంటు భవనంలో అన్ని పార్టీల వారూ సన్యాసినుల శ్రేయస్సు కోరారు. ఛిందవాడకు కేరళ ఓట్లు లేవు. అదే సంవత్సరం అక్టోబరు చివరలో కాంకేర్ జిల్లా గ్రామాలలో పాస్టర్లకూ, మతం మారిన వారికీ ప్రవేశం లేదంటూ పెట్టిన బోర్డులను హైకోర్టు తప్పు పట్టలేదు. బలవంతపు మార్పిళ్లను నివారించడానికి గ్రామసభలు తీసుకున్న ముందుజాగ్రత్త అన్నది. డిసెంబరులో అదే జిల్లా ఆమాబేడా ప్రాంతంలో ఒక సర్పంచి తన తండ్రిని సొంత భూమిలో పూడ్చగా, ఘర్షణల నడుమ శవాన్ని తిరిగి పైకి తీశారు. ప్రార్థన మందిరాలకు నిప్పు పెట్టారు. ఊరికి పెద్ద అయినవాడికే ఊరిలో ఆరడుగుల నేల దక్కలేదు.

1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాలను కాపాడుకొనే అధికారం ఇచ్చింది. గనుల కంపెనీ వచ్చినప్పుడు గ్రామసభ మాటకు విలువ ఏపాటిదో బస్తర్‌లో అందరికీ తెలుసు. కొండను తవ్వవద్దని గ్రామసభ అంటే వినిపించని మాట, పక్కింటి శవాన్ని పూడ్చవద్దంటే మాత్రం ప్రభుత్వానికి స్పష్టంగా వినిపిస్తున్నది. ఈ చట్టం కోసం ఢిల్లీలో ఏళ్ల తరబడి తిరిగిన బస్తర్ మాజీ కలెక్టరు బి.డి. శర్మ దానిని తలచినది ఇందుకు కాదు.

వెనుక మరొక ఎత్తు ఉన్నది. షెడ్యూల్డు తెగ హోదాకు మతంతో సంబంధం లేదు. మతం మారిన ఆదివాసులను ఆ జాబితా నుంచి తీసివేయాలని 1970 ప్రాంతంలో కాంగ్రెస్ ఎంపీ కార్తీక్ ఉరావ్ ఇందిరా గాంధీ ముందు పట్టుబట్టారు. ఆ కోరికనే ఈనాడు జనజాతి సురక్షా మంచ్ సభలలో వినిపిస్తున్నది. దళితుల విషయంలో ఆ పని 1950లోనే జరిగిపోయింది. రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నది, క్రైస్తవులను చేర్చలేదు. ఛిందవాడ పాస్టరు సంగతి చూడండి. క్రైస్తవుడు కనుక కాగితం మీద దళితుడు కాడు. ఊరిలో మాత్రం కాకుండా పోలేదు. కులం వల్ల రావలసిన రక్షణ మతం వల్ల పోయింది. మతం వల్ల రావలసిన స్వేచ్ఛ ఊరి వల్ల పోయింది.

ఇక చర్చి సంగతి. బాధితుల పక్షాన మాట్లాడే సమయంలో బాధితుల పెద్దలను విమర్శించడం న్యాయమా అని కొందరు అడగవచ్చు. కాని చెప్పక తప్పదు. శ్మశానంలో గీత గీయడం చర్చికి కొత్త విద్య కాదు. తిరుచిరాపల్లి మేలపుదూరు కేథలిక్ శ్మశానంలో దళిత క్రైస్తవుల సమాధులను వేరుచేస్తూ కట్టిన గోడ దేశమంతటికీ తెలుసు. మన దగ్గర 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలు బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరవులో వారికి బకింగ్‌హాం కాలువ పని చూపించినవాడు క్లౌ. అత్యధికులు మాదిగలు. గౌరవం కోసం వచ్చారు, అక్షరం కోసం వచ్చారు, తిండి కోసం కూడా వచ్చారు. అందులో సిగ్గుపడవలసినది తిండి లేకుండా చేసిన సమాజమే. అయినా మన ఊళ్లలో వారి మనుమల శ్మశానం ఇప్పటికీ ఊరికి దూరంగానే ఉన్నది. కనుక ఛిందవాడను చూసి మనం ముక్కున వేలు వేసుకోనక్కరలేదు.

సువార్తను తలల లెక్కగా చూసే అలవాటు కూడా కొన్ని సంఘాలను వదలలేదు. ఫలానా తెగలో ఇన్ని ఆత్మలు రక్షింపబడినవి అని ప్రచురించుకొనే అంకెలు దాతలకు ఎంత ఉపయోగపడినవో నాకు తెలియదు. ప్రత్యర్థులకు మాత్రం చాలా ఉపయోగపడినవి. ఊరి దేవరను సైతాను అని పిలిచిన ఒక్క ప్రసంగం చాలు, పది తరాల ఇరుగుపొరుగు చెదిరిపోవడానికి. ఈ మాట బస్తర్ ఆదివాసీ పెద్దలు చెప్పినప్పుడు దాని వెనుక ఎవరున్నారని వెదకడం కన్నా ముందు దానిని వినడం మంచిది.

ఇప్పుడు చర్చి ముందు ఒక సులభమైన మార్గం ఉన్నది. రాష్ట్రమంతటా క్రైస్తవులకు ప్రత్యేక శ్మశాన స్థలాలను రెండు నెలలలో గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో ఆదేశించారు. ఆమె ఉద్దేశం కరుణ. సంఘాల పెద్దలు కూడా ప్రభుత్వాన్ని అదే అడుగుతున్నారు. నేను భిన్నాభిప్రాయం చెప్పడానికి సాహసిస్తున్నాను. ప్రత్యేక శ్మశానం వచ్చిన మరునాడు ఊరి శ్మశానం తలుపులు శాశ్వతంగా మూసుకుంటాయి. కర్కపాల్‌లో స్థలం ఉండబట్టే కదా ఛిందవాడలో లేకుండా పోయింది! శవానికి వేరే చోటు చూపించిన ప్రభుత్వం రేపు బావికీ, బడికీ, రేషను దుకాణానికీ వేరే చోటు చూపించదని పూచీ ఏమిటి? 2022లో నారాయణపూర్ స్టేడియంలో ఉన్నవారికి బతికుండగానే వేరే చోటు చూపించారు.

లౌకిక సమాజంలో చర్చి చేయవలసిన పని గురించి బిషప్పులు సదస్సులు నడుపుతుంటారు. వాటిలో కొన్నింటికి నేనూ వెళ్లాను. విద్య, వైద్యం, సంభాషణ అన్న మాటలు వింటాను. మంచి మాటలే. కాని బస్తర్‌లో ఆ పనికి ముందు మరొకటి ఉన్నది: ఊరిలో ఉండిపోవడం. జాతరకు మొక్కకపోయినా ఊరి చెరువు పూడిక తీతకు పోవడం, దేవరగుడి చందా బదులు ఊరి దారికి చందా ఇవ్వడం, పొరుగువాడి చావుకు అందరికన్నా ముందు నిలబడటం. గ్రామసభలో కూర్చొని, 2007 సంగతి, 2015 సంగతి పేరుపేరునా గుర్తు చేసి, ఈ శ్మశానం మాది కూడా అని అడగడం. ఇది కోర్టు తీర్పు కన్నా నెమ్మదిగా నడిచే పని. విరాళాల నివేదికలో రాసుకొనడానికి దీనిలో అంకెలు కూడా ఉండవు.

ప్రభుత్వం సంగతి వేరు. మావోయిజాన్ని 2026 మార్చి 31 నాటికి నిర్మూలిస్తామని హోం మంత్రి అమిత్ షా గడువు పెట్టారు. ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ కేశవరావు 2025 మే 21న నారాయణపూర్ అడవులలో హతుడయ్యాడు. తుపాకి వెనక్కు తగ్గిన ఊళ్లలోకి ప్రభుత్వం రోడ్డుతో, సెల్ టవరుతో, బ్యాంకుతో వస్తానంటున్నది. రావలసిందే. ఛిందవాడలోకి మాత్రం అది ఒక పోలీసు అధికారి అఫిడవిట్టుగా వచ్చింది. ఆ అఫిడవిట్టును సమర్థించడానికి దేశపు సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా స్వయంగా హాజరయ్యారు. కుమారుని పక్షాన కోలిన్ గొంసాల్వెజ్ వాదించారు. ఒక శవానికి ఒక ఊరు అడ్డం నిలబడితే ఊరిని ఒప్పించడానికి కలెక్టరు ఎన్నిసార్లు వెళ్లాడు, ఎంతసేపు కూర్చున్నాడు అన్న ప్రశ్నకు వాదనలలో చోటు దొరకలేదు.

తాత సమాధి, మేనత్త సమాధి ఛిందవాడలోనే ఉన్నవి. తండ్రికి మట్టి కర్కపాల్‌లో. ఆ కుటుంబం ఇక సంస్మరణ దినానికి రెండు చోట్లకు పోవలసి ఉంటుంది. మొదటి చోటికి పోనిస్తారో లేదో ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.